బీరువాలో కాల్చిన నెమలికంఠం

2021 నవంబరు వరదల్లో మా ఇంట్లో రెండు వస్తువులు బాగా దెబ్బతిన్నాయి. ఒకటి నాన్న 1996లో కొన్న మారుతి 800. రెండోది అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నడుమెత్తు ఇనుప బీరువా. తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు ఉంది మా వీధి. అక్కడ నీళ్లు రెండు రోజులు కదల్లేదు. కారు చక్రాలు మునిగాయి, బీరువా కింది అర మునిగింది. కారును మెకానిక్ బతికించాడు కానీ రిమ్ములను తుప్పు వదల్లేదు. బీరువాను పాత ఇనుప సామాన్ల వాడికి ఇవ్వడానికి అమ్మకు మనసు రాలేదు. దాన్ని వెనక రేకుల షెడ్డులో పెట్టాం.

మూడేళ్ల తర్వాత ఆ బీరువాలోనే ఆ రిమ్ములకు రంగు కాల్చాను. పౌడర్ కోటింగు గురించి చెప్పేటప్పుడు ‘కాల్చడం’ అన్న మాటే సరైనది. మామూలు పెయింటులో థిన్నర్ ఆవిరైపోయి రంగు ఆరుతుంది. ఇందులో ఆరడానికి తడే ఉండదు. పొడి రంగును విద్యుత్తు సాయంతో లోహానికి అంటించి, దాదాపు 200 డిగ్రీల వేడిలో పెడితే అది కరిగి, పరుచుకుని, గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ వేడి చేసినా కరగదు.

అంతకు ముందు నాన్న రెండుసార్లు రిమ్ములకు స్ప్రే పెయింటు వేయించారు. రెండుసార్లూ ఏడాది తిరక్కుండానే అంచుల్లో ఉబ్బి పొరలుగా ఊడింది. మా బావ గేట్లు, కిటికీ గ్రిల్లులు చేయిస్తుంటాడు. “గేటుకు వేసే పౌడరే రిమ్ముకూ వేయించు బావా, చిన్న రాళ్లకు అంత తేలిగ్గా లేవదు” అన్నాడు. ఒక షాపుకు తీసుకెళ్లాడు కూడా. వాళ్ల దగ్గర నలుపు, తెలుపు, బూడిద, కాఫీ రంగులు ఉన్నాయి. నాకు కావలసింది నెమలికంఠం. ఒక్క కారు రిమ్ముల కోసం పొడి చల్లే గన్నూ, గొట్టాలూ, చల్లే గది (బూత్) మొత్తం శుభ్రం చేసి వేరే రంగు ఎక్కించడం మాకు గిట్టదని వాళ్లు ఉన్నమాట చెప్పారు. వాళ్లది తప్పని నేను అనను. రంగు మార్చినప్పుడల్లా పాత పొడి ఒక్క చిటికెడు మిగిలినా కొత్త రంగు మీద చుక్కలుగా కనిపిస్తుందని తర్వాత నాకే తెలిసివచ్చింది.

నెమలికంఠమే ఎందుకంటే, ఆ వరదలో తడిసిన బీరువాలో అమ్మ నెమలికంఠం పట్టుచీర ఉంది. అంచు మరక పోలేదు. అమ్మ దాన్ని కట్టుకోదు, పారేయదు.

బీరువాను పొయ్యిగా మార్చడానికి నెల పట్టింది. మొదట లోపలి పాత పెయింటంతా గీకేశాను. లేకపోతే వేడికి అదే కాలి పొగ వస్తుంది. అరలు తీసేసి, గోడలకు, తలుపుకు వేడిని బయటికి పోనివ్వని రాక్‌వూల్ రెండంగుళాల మందాన పరిచి, దాని మీద పలుచని ఇనుప రేకు బిగించాం. రెండేసి కిలోవాట్ల హీటర్లు రెండు అడుగున పెట్టాం. నాలుగు కిలోవాట్లంటే 17 ఆంపియర్లకు పైమాటే. వంటింటి ప్లగ్గుకు తగిలించే పని కాదు. ఎలక్ట్రీషియన్ అన్న మీటరు బోర్డు నుంచి విడిగా లావు వైరు లాగి, దానికి సొంత బ్రేకరు పెట్టాడు. వేడిని ఒకచోట నిలపడానికి టెంపరేచర్ కంట్రోలర్, లోపలి వేడి చూడడానికి థర్మోకపుల్. తలుపులో అరచేయంత కంత కోసి, పాడైన ఓవెన్ నుంచి తీసిన అద్దం బిగించాను. మొదటిసారి ఖాళీ బీరువాను ఆరుబయట మూడు గంటలు కాల్చి, పొగ పూర్తిగా ఆగాకే లోపలికి తెచ్చాం.

ఇంట్లో ఈ పని చేయాలనుకునేవారికి రెండు మాటలు ఇక్కడే చెప్పాలి. పౌడర్ ఒకసారి కాల్చిన పొయ్యిలో ఇక తిండి వండకూడదు, ఎంత కడిగినా సరే. గాలిలో తేలే సన్నని పొడికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అందుకే గ్యాసు పొయ్యి, దీపం, అగరొత్తి ఏవీ దరిదాపుల్లో ఉండకూడదు. మా షెడ్డు పక్కనే తులసికోట. అమ్మ సాయంత్రం దీపం పెట్టే వేళకు గంట ముందే నేను గన్ను ఆపి, నేలంతా తడిగుడ్డతో తుడిచేవాణ్ని. మూతికి గుడ్డ చాలదు, సన్నని దుమ్మును ఆపే మాస్కు ఉండాలి.

కారు బాడీ జోలికి మాత్రం వెళ్లలేదు. ఆ రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది.

తుప్పు తీయించడానికి రిమ్ములను రేణిగుంట దాటి గాజులమండ్యం వైపు ఉన్న బ్లాస్టింగ్ షాపుకు తీసుకెళ్లాను. గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొడితే పాత పెయింటు, తుప్పు పోయి ఇనుము లేత బూడిద రంగులో, పట్టుకుంటే గరుకుగా బయటపడుతుంది. పౌడర్ పట్టు దొరకబుచ్చుకునేది ఆ గరుకుదనాన్నే. ఆ షాపు పెద్దాయన తలకు పూర్తి ముసుగు వేసుకుని, లోపలికి విడిగా గాలి పెట్టుకుని పని చేస్తారు. ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మనిషిని ఎలా తినేస్తుందో చూసిన మనిషి ఆయన. ఇంట్లో ఇసుకతో కొట్టుకుంటానన్న నా ఆలోచనను ఆయనే మాన్పించారు. రిమ్ములు చేతికిస్తూ, “నట్లు కూర్చునే గుంటల్లో, హబ్బుకు ఆనుకునే చోట రంగు పడనివ్వకు బాబూ” అన్నారు. హబ్బంటే చక్రాన్ని బిగించే ఇరుసు కొన. ఆ చోట్ల పొర ఉంటే నట్టు బిగించినప్పుడు బిగిసినట్టే ఉంటుంది. బండి నడిచే కొద్దీ ఆ పొర నలిగి, పట్టు సడలి, నట్టు వదులవుతుంది. ఈ మొత్తం పనిలో నేను విన్న మాటల్లో ఇంతకన్నా విలువైనది లేదు.

మొదటి ప్రయత్నం నవంబరులో. మన దగ్గర వానలు దంచేది ఈశాన్య రుతుపవనాల కాలంలోనని చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఆగలేకపోయాను. బ్లాస్టింగ్ చేయించి తెచ్చిన రిమ్ములు ఒక్క రాత్రి షెడ్డులో ఉంటే తెల్లారేసరికి నారింజ రంగు తుప్పు పొర కట్టాయి. వాటిని మళ్లీ రుద్ది గన్ను పట్టుకుంటే పొడి ధారగా రాలేదు. గన్ను కాసేపు ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా ముద్ద కక్కేది. చెమ్మకు పొడి ఉండ కట్టింది, కంప్రెసర్ గాలిలోనూ నీళ్లున్నాయి. కాల్చి చూస్తే రిమ్ము మీద నత్తగుల్లలు అతికినట్టు గడ్డలు. ఆ సంవత్సరానికి పని అక్కడే ఆపేశాను. గాలి గొట్టానికి నీటిని వేరుచేసే ఫిల్టరు, దాని తర్వాత చెమ్మ పీల్చే సిలికా జెల్ నింపిన సీసా బిగించాను. పౌడర్ డబ్బాను బియ్యం డబ్బాలా గాలి చొరబడకుండా మూతపెట్టి లోపలి గదిలోకి మార్చాను.

జనవరి, ఫిబ్రవరి నెలలు రంగుకే పోయాయి. అవి వృథా అని నేను అనుకోను. నీలం, పసుపు కలిపితే ఆకుపచ్చ వస్తుందని బడిలో నేర్చుకున్నదే కదా అని, నీలం పొడి, పసుపు పొడి సమంగా తూచి బాగా కలిపి, చిన్న రేకు ముక్క మీద వేసి కాల్చాను. చేయి చాచి చూస్తే ఆకుపచ్చే. కళ్ల దగ్గర పెట్టుకుంటే పసుపు మీద నీలపు ఇసుక చల్లినట్టుంది. పొడి తయారయ్యేటప్పుడు రెజిన్ అనే జిగురు పదార్థం, గట్టిపరిచే రసాయనం, రంగు ద్రవ్యం మూడింటినీ వేడి మీద కలిపి పిసికి, చల్లార్చి, ముక్కలు చేసి, మెత్తగా విసురుతారు. ప్రతి రేణువులోనూ దాని రంగు దానికి బందీ అయి ఉంటుంది. పొయ్యిలో రేణువులు కరిగి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి తప్ప, నీళ్లలో రంగులా ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. అంత చిక్కగా ఉండగానే గట్టిపడిపోతాయి. అందుకే పౌడర్ అమ్మేవాళ్లు రంగును పేరుతో కాక నంబరుతో అడగమంటారు. 1927లో జర్మనీలో 40 రంగులతో మొదలైన ఆర్‌ఏఎల్ పట్టికే ఇప్పటికీ ఈ వ్యాపారానికి ఎక్కాల పుస్తకం. అందులో 5021 నంబరు మనకు కావలసిన నీలిపచ్చకు దగ్గరగా ఉంది. తెప్పించి కాల్చి, ఆ రేకు ముక్క అమ్మకు చూపించాను.

అమ్మ చీర తెచ్చి పక్కన పెట్టింది. “రంగు దగ్గరగానే ఉంది నాయనా, కానీ దీనికి లోతు లేదు” అంది. నిజమే. పట్టులో నిలువు పోగు ఒక రంగు, అడ్డం పోగు ఒక రంగు. కొంచెం అటూ ఇటూ కదిలిస్తే నీలం పోయి పచ్చ వస్తుంది. ఒకే ముద్ద రంగు పూసిన రేకుకు ఆ గుణం ఎక్కడిది?

దారి రెండు పొరల్లో దొరికింది. కింద వెండి మెరుపు ఉన్న పౌడర్, దాని మీద గాజులా వెలుగు చొరబడే నీలిపచ్చ పౌడర్. వెలుగు పై పొర దాటి వెళ్లి, వెండిని తాకి, రంగులో మునిగి తిరిగి వస్తుంది. కింది పొరను పూర్తిగా కాల్చేస్తే పై పొర దానికి సరిగా అతకదు. కరిగి నునుపుగా పరుచుకున్నాక కాసేపటికే తీసేసి, చల్లారాక పై పొర వేసి, రెండింటినీ కలిపి పూర్తిగా కాల్చాలి. ఇందులో ఒక చిక్కు ఉంది. పై పొర ఎంత మందంగా పడితే రంగు అంత ముదురుతుంది. మామూలు పౌడర్‌లో మందం కాస్త అటూ ఇటూ అయినా కంటికి తెలియదు, ఇందులో ప్రతి చేతి కదలికా తెలిసిపోతుంది. అందుకని గన్నును ఒకే దూరంలో, ఒకే వేగంతో రిమ్ము చుట్టూ తిప్పుతూ చుట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరు చుట్లకు లేత ఆకాశం, పన్నెండుకు రాత్రి. తొమ్మిది చుట్ల రేకు చూసి అమ్మ ఇంకేమీ అనలేదు. చీర కొంగు ఆ రేకు మీద పరిచి, కిటికీ వైపు తిప్పి, చాలాసేపు చూసింది. ఆ అంకెను బీరువా తలుపు మీద సుద్దతో రాసుకున్నాను.

ఏప్రిల్‌లో మళ్లీ బ్లాస్టింగ్ చేయించి, ఈసారి ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాను. ఎండలు మండుతున్నాయి, చెమ్మ బెడద లేదు, పొడి గోధుమపిండిలా చక్కగా వస్తోంది. కానీ రిమ్ముకు అంటడం లేదు. అంటినట్టే అంటి జారి నేల మీద పడుతోంది. పైగా గన్ను పట్టిన చేతికి చిటుక్కుమని చిన్న చిన్న షాకులు. గంటసేపు గన్నును అనుమానించాను. ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి గన్ను వంక చూడనైనా లేదు. నేరుగా పెరట్లోకి వెళ్లి ఎర్తు గుంత మూత తీశాడు. లోపల మట్టి బీటలు వారి ఉంది.

గన్ను కొనలో ఉండే సూది పొడి రేణువులకు వేల వోల్టుల రుణావేశం ఇస్తుంది. ఎర్తు చేసిన ఇనుము వాటిని లాక్కుంటుంది. ఎర్తు సరిగా లేకపోతే వచ్చిన ఆవేశం పోయే దారి లేక ఇనుము మీదే పేరుకుని, వెనక వచ్చే పొడిని తోసేస్తుంది. భూమిలో తడి ఉంటేనే ఎర్తు పనిచేస్తుంది. బొగ్గు, ఉప్పు వేసి నాలుగు బిందెల నీళ్లు పోసి, అరగంట ఆగి, రిమ్మును వేలాడదీసిన కొక్కేన్ని కూడా మెరిసేదాకా గీకాం. ముందు పనుల్లో ఆ కొక్కేనికీ రంగు అంటి, అక్కడా దారి మూసుకుపోయింది. నవంబరు వాన పొడిని చెడగొడితే, ఏప్రిల్ ఎండ భూమిని చెడగొట్టింది. మన ఊళ్లో ఈ పని చేసేవారు ఆ రెండింటినీ లెక్కలో పెట్టుకోవాలి.

ఎర్తు కుదిరాక జరిగింది చూసి తీరాలి. గన్ను మీట నొక్కగానే సన్నని పొగలా పొడి బయలుదేరి, రిమ్ము వైపు వంపు తిరిగింది. ముందు వైపే కొడుతున్నా అంచు దాటి వెనక్కి వెళ్లి అక్కడా పట్టుకుంది. నిమిషంలో ఇనుము కనబడకుండా పోయి, ముగ్గుపిండి అద్దినట్టు మెత్తని పొర. వేలు తగిలితే చాలు, అచ్చు పడుతుంది. అందుకే కొక్కేన్ని తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా, ఊపిరి కూడా పక్కకు వదులుతూ బీరువా దాకా మోశాను.

మూలల్లోకి, గాలి కంతల అంచుల లోపలికి మాత్రం పొడి వెళ్లనని మొండికేస్తుంది. ఆవేశమంతా బయటి అంచులకే పోతుంది. వోల్టేజీ తగ్గించి, గాలి నెమ్మదింపజేసి, మూలలను ముందు పూర్తి చేసి తర్వాత బయటి వైపు రావాలి. మొదటి రిమ్ములో ఈ వరుస తిరగేసి చేసి, ఊది అంతా దులిపేసి మళ్లీ వేశాను. కాల్చకముందు ఎన్నిసార్లు దులిపినా నష్టం లేదు, అది ఈ పనిలోని గొప్ప వెసులుబాటు.

అద్దం కంతలో టార్చి వేసి చూస్తూ కూర్చున్నాను. వంద డిగ్రీలు దాటే దాకా ఏమీ జరగలేదు. ఆ తర్వాత పలుచని అంచుల దగ్గర సుద్దలా ఉన్న పొర కాస్త నల్లబడింది, తడిసింది, నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా మెరిసింది. చూస్తుండగానే ఆ గుంటలు పూడి, నీటి మీద వెలుగులా నునుపైంది. ఆ మెరుపు అంచు నుంచి మధ్యకు పాకడం రెండు మూడు నిమిషాల వ్యవహారం. మెరిసింది కదా అని తీసేయకూడదు. గాలి 200 డిగ్రీలకు చేరినంత మాత్రాన ఇనుము చేరినట్టు కాదు. రిమ్ము ఆ వేడిని అందుకున్న క్షణం నుంచి పది నిమిషాలు లెక్కపెట్టాలి. ముందుగా తీస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, ఆర్నెల్లకు పెళుసుబారి రాలుతుంది.

నట్ల గుంటలకు సిలికాన్ బిరడాలు, హబ్బు ఆనే చోట వేడికి తట్టుకునే ఆకుపచ్చ టేపు వేశాను. టేపును వేడి ఇంకా ఉండగానే లాగాలి. చల్లారాక లాగితే రంగు అంచు కూడా చిరిగి వస్తుంది. అయిదు రిమ్ములకు అయిదు రోజులు. నాలుగోదానికి చుట్ల లెక్క తప్పి ముదిరింది. దాన్ని స్టెప్నీకి కేటాయించాను.

ఇంజను పని కోసం మెకానిక్ అన్న ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలిని పంపే గొట్టాల భాగం) విప్పితే, దానికి వెండి రంగు వేద్దామనుకున్నాను. అది అల్యూమినియం పోత. పోత లోహం లోపల సన్నని రంధ్రాలుంటాయి, వాటిలో ఏళ్ల తరబడి నూనె ఇంకి ఉంటుంది. నేను థిన్నర్‌తో కడిగి నేరుగా పౌడర్ వేశాను. పొయ్యిలో ఆ నూనె ఆవిరై పొరను చీల్చుకుని వచ్చింది, పెనం మీద దోసె బుడగలు పగిలినట్టు ఒళ్లంతా కంతలు. మళ్లీ బ్లాస్టింగ్, మళ్లీ మొదటి నుంచి. ఈసారి రంగు వేయకుండానే 220 డిగ్రీల్లో గంటసేపు ఉంచితే గోధుమ రంగు చారికలు బయటికి కారాయి. తుడిచి మళ్లీ కాల్చాను. మూడోసారికి గుడ్డ తెల్లగా వచ్చాక రంగు వేస్తే అద్దంలా నిలిచింది.

అలాయ్ చక్రాలు కూడా చేసిపెట్టమని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఒప్పుకోలేదు. వాటి అల్యూమినియానికి ఆ బలం వేడి చికిత్స వల్లే వస్తుంది. నా బీరువాలో వేడి హద్దు దాటితే ఆ బలమే తగ్గుతుంది, పైకి మాత్రం కొత్తగా మెరుస్తుంది. మనుషుల ప్రాణాలు మోసే చక్రం మీద నేను ప్రయోగం చేయను. బ్రేకు, స్టీరింగు భాగాలకూ అదే మాట.

టైర్లు ఎక్కించాక నాన్నను చంద్రగిరి కోట దాకా తీసుకెళ్లాను. కోట ముందు చెట్టు నీడలో కారు ఆపి, నట్లన్నీ స్పానరుతో మళ్లీ బిగించి చూశాను. ఒక్కటీ కదల్లేదు. నాన్న పక్కన గొంతుకూర్చుని రిమ్మును వేలితో తడిమి, “వేడెక్కిందేమో అనుకున్నాను, చల్లగానే ఉందే” అన్నారు. తర్వాత జేబు రుమాలు తీసి దాని మీద దుమ్ము తుడిచారు.

మొన్న నవంబరు వానలయ్యాక రిమ్ములన్నీ పరీక్షగా చూశాను. వెనక ఎడమ చక్రం అంచున గోరంత చోట రాయి తగిలి పొర లేచింది, కింద తుప్పు మొదలైంది. ఇక్కడ ఒక మాట దాచకూడదు. పౌడర్ పొరకు అతుకు వేసే వీలు లేదు. పైన మామూలు పెయింటు చుక్క పెట్టి కొంతకాలం నెట్టుకురావచ్చు, కానీ రెండు పొరల నెమలికంఠంలో ఆ చుక్క ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. రిమ్ము మొత్తం ఒలిచి మళ్లీ కాల్చాలి. దాన్ని విప్పి, ముదురు రంగు స్టెప్నీ ఎక్కించి, విప్పినదాన్ని షెడ్డులో పెట్టాను. చెమ్మ తగ్గగానే, ఫిబ్రవరిలో, ఎర్తు గుంతకు నీళ్లు పోసి మొదలుపెడతాను. బీరువా తలుపు మీద తొమ్మిది అంకె ఇంకా చెరగలేదు.